గాబన్ అడవి ఎవరికి అన్నం పెడుతుంది?



ఈ పదేళ్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ప్లైవుడ్ గురించి అంతో ఇంతో తెలిసే ఉంటుంది. ప్లైవుడ్ షీటు పైనా కిందా అంటించే పల్చని చెక్క పొరను దుకాణాల్లో ఫేస్ అంటారు. ఒకప్పుడు ఆ పొరకు బర్మా, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి వచ్చే గర్జన్ చెక్క వాడేవారు. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. అప్పటి నుంచి మన ప్లైవుడ్ పరిశ్రమ ఒకూమే అనే మరో చెట్టు వైపు మళ్లింది. ఆ చెట్టు పెరిగేది మధ్య ఆఫ్రికాలో, అందులోనూ ముఖ్యంగా గాబన్ దేశంలో. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఎన్ని అలమారాల తలుపులకు ఆ అడవి అంటుకుని ఉందో లెక్క చెప్పడం కష్టం. చెక్క మన దాకా వచ్చింది కానీ దేశం పేరు మాత్రం రాలేదు. అందుకే ఈ రోజు గాబన్ గురించి మాట్లాడదామనుకున్నాను. అక్కడ చూడదగ్గవి ఏమున్నాయి, చూడాలనుకున్నవాళ్లు ఎందుకు వెళ్లలేకపోతున్నారు, ఆ అడవి పక్కనే బతుకుతున్న మనిషికి ఈ పర్యాటకం వల్ల ఒరిగేదేమిటి అన్నదే ఈ ప్రసంగం.

గాబన్ ఆఫ్రికా పడమటి ఒడ్డున, సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంటుంది. విస్తీర్ణం సుమారు 2,67,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణం కంటే కొంచెమే తక్కువ. జనాభా మాత్రం దాదాపు పాతిక లక్షలే. అందులోనూ చాలా ఎక్కువమంది రాజధాని లిబ్రవిల్‌లోనూ, మరి కొన్ని పట్టణాల్లోనూ ఉంటారు. దేశంలో దాదాపు 88 శాతం అడవే. ఫ్రెంచివారి పాలన నుంచి 1960 ఆగస్టు 17న స్వాతంత్ర్యం వచ్చింది. ఇప్పటికీ అధికార భాష ఫ్రెంచే. స్వాతంత్ర్యం తర్వాత దేశాన్ని నడిపింది చమురు. చమురు సొమ్ము ఉండటం వల్లే అడవిని నరికి పొలాలు చేయాల్సిన అవసరం పెద్దగా రాలేదు. జనం పట్టణాలకు తరలిపోయారు, పల్లెలు పల్చబడ్డాయి, అడవి నిలిచింది. గాబన్‌లో అడవి ఎందుకు మిగిలిందో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

తర్వాత సంగతి మైక్ ఫే అనే అమెరికన్ జీవశాస్త్రవేత్తది. ఆయన 1999 సెప్టెంబరులో పక్కనున్న కాంగో రిపబ్లిక్ అడవిలో నడక మొదలుపెట్టాడు. రోడ్ల జోలికి పోకుండా, అడవిలో ఏనుగులు తొక్కిన దారుల వెంట, చిత్తడి నేలల్లో, వాగుల్లో 455 రోజులు నడిచి, 2000 డిసెంబరులో గాబన్ సముద్ర తీరానికి చేరాడు. సుమారు 3,200 కిలోమీటర్లు. దారి పొడుగునా కనబడిన ప్రతి జంతువునూ, ప్రతి చెట్టునూ, పేడనూ, అడుగుజాడనూ పుస్తకాల్లో రాసుకుంటూ పోయాడు. ఆ యాత్రను మైకేల్ నికోల్స్ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు గాబన్ అధ్యక్షుడు ఒమార్ బోంగో కంటపడ్డాయి. తన దేశంలో ఇలాంటి చోట్లు ఉన్నాయని ఆయన చూసి, 2002లో జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో ఒక్కసారిగా 13 జాతీయ వనాలు ప్రకటించాడు. దేశ భూభాగంలో సుమారు 11 శాతం. అప్పటికి గాబన్‌లో జాతీయ వనం అన్నదే లేదు. ఫే పేరు అందరికీ తెలిసింది. ఆయన సామాను మోసి, ముందు నడిచి కత్తితో దారి కొట్టిన ఆ ప్రాంతపు మనుషుల పేర్లు మాత్రం అంతగా బయటకు రాలేదు. గాబన్ పర్యాటకానికి ఇప్పుడున్న ఇబ్బందిలో సగం ఇదే అని నాకు అనిపిస్తుంది.

ఆ 13 వనాల్లో అన్నిటికంటే పేరున్నది లోవాంగో. అట్లాంటిక్ ఒడ్డున ఉంది. ఇక్కడ అడవి, గడ్డి మైదానం, మడ చెట్లు, ఉప్పునీటి సరస్సు, సముద్రం అన్నీ ఒకే చోట కలుస్తాయి. తెల్లని ఇసుక తిన్నెల మీద ఏనుగులు నడుస్తాయి. అడవి దున్నలు అలల అంచున నిలబడతాయి. నీటి గుర్రాలు సముద్రంలోకి దిగి ఈదుతాయి. నికోల్స్ తీసిన ఫొటోల్లో ఆ దృశ్యం చూసినప్పుడే ప్రపంచం ఈ దేశం వైపు తల తిప్పింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ తీరానికి వస్తాయి. ఒకే రోజు పొద్దున పడవ మీద తిమింగలాన్ని, సాయంత్రం ఒడ్డు మీద ఏనుగును చూడగలిగిన చోట్లు భూమ్మీద చాలా అరుదు.

లోవాంగోలో గొరిల్లాలున్నాయి, చింపాంజీలున్నాయి. ఇక్కడి చింపాంజీలను ఏళ్ల తరబడి గమనిస్తున్న జర్మన్ శాస్త్రవేత్తలు ఈ మధ్య చాలా కొత్త సంగతులు బయటపెట్టారు. అవి తాబేళ్లను చెట్టుకేసి కొట్టి డిప్ప పగలగొట్టి తింటాయని 2019లో తెలిసింది. చింపాంజీల గుంపు గొరిల్లాల మీద పడి పిల్లలను చంపిన ఘటనలు రెండు నమోదయ్యాయి. గాయం తగిలిన చింపాంజీ ఒక పురుగును పట్టి, పెదాల మధ్య నొక్కి, దాన్ని గాయం మీద రాయడం, తోటి చింపాంజీ గాయానికీ అలాగే రాయడం 2022లో వెలువడిన అధ్యయనంలో ఉంది. ఆ పురుగులో మందు గుణం ఉందో లేదో ఇంకా తేలలేదు. కానీ ఆ ఒక్క సంగతి తలుచుకున్నా, ఈ అడవిలో మనకు తెలియనిది ఎంత ఉందో అర్థమవుతుంది.

గొరిల్లాను చూడటం అంత సులువు కాదు. ఇక్కడివి పడమటి మైదానపు గొరిల్లాలు. అవి దట్టమైన పొదల్లో తిరుగుతాయి, మనిషి అలికిడికి పారిపోతాయి. ఒక గుంపు మనుషుల ఉనికికి అలవాటు పడాలంటే, పరిశోధకులూ ఆ ప్రాంతపు ట్రాకర్లూ కొన్నేళ్లపాటు రోజూ వాటి వెనక తిరగాలి. అలా అలవాటైన గుంపులు గాబన్‌లో చాలా తక్కువ. వాటి దగ్గరకు ఒకసారికి కొద్దిమందినే తీసుకెళతారు. ముఖానికి మాస్కు ఉండాలి, కొన్ని మీటర్ల దూరం పాటించాలి. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. గొరిల్లాలు ఎక్కువైతే టికెట్లు ఎక్కువ అమ్మవచ్చు అనుకునే లెక్క ఇక్కడ పనికిరాదు.

సముద్రపు ఒడ్డున ఇంకో అతిథి ఉంది. లెదర్‌బ్యాక్ తాబేలు. తాబేళ్లలో అన్నిటికంటే పెద్దది. పూర్తిగా ఎదిగితే నాలుగైదు వందల కిలోల బరువు కూడా ఉంటుంది. అది గుడ్లు పెట్టే చోట్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది గాబన్ తీరమేనని 2009లో వెలువడిన అధ్యయనం చెప్పింది. దక్షిణాన మయుంబా, రాజధానికి ఎదురుగా పోంగారా వీటికి పేరుపొందిన చోట్లు. రాత్రిపూట ఎర్ర దీపం వెలుగులో, దూరంగా కూర్చుని చూడాలి. 2017లో గాబన్ తన సముద్ర జలాల్లో సుమారు 26 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇది మెచ్చుకోదగ్గ పని, అనుమానం లేదు.

ఇప్పుడు లోపలికి వెళదాం. లోపలికి వెళ్లడానికి ఉన్నది ఒకటే రైలు మార్గం, ట్రాన్స్ గాబన్. రాజధాని పక్కనున్న ఓవెండో రేవు నుంచి ఫ్రాన్స్‌విల్ దాకా 650 కిలోమీటర్లకు పైగా. 1970లలో మొదలై, 1986 డిసెంబరుకి ఫ్రాన్స్‌విల్ చేరింది. మన కొత్తవలస-కిరండూల్ లైను గుర్తుందా? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి వేసిన ఆ పట్టాల మీదే ఇప్పుడు మనం అరకు చూడటానికి వెళుతున్నాం. ట్రాన్స్ గాబన్ కూడా అలాంటిదే. మోవాండా గనుల మాంగనీసు, అడవి దుంగలు దాని అసలు సరుకు. ప్రయాణికుడు రెండో వాడు. ఒకే లైను కావడంతో ఖనిజం బండి దాటేదాకా ప్రయాణికుల బండి ఆగాలి. వానలకు కట్ట జారితే అంతే సంగతులు. 2022 డిసెంబరు చివర్లో కొండచరియ విరిగి పడి కొన్ని వారాలపాటు రైళ్లు నిలిచిపోయాయి.

ఈ రైల్లో రాత్రివేళ దిగవలసిన స్టేషను లోపే. అక్కడ దట్టమైన అడవి మధ్యలో ఒక్కసారిగా గడ్డి మైదానం విచ్చుకుంటుంది. మంచు యుగంలో ఇక్కడి అడవి కుంచించుకుపోయినప్పుడు ఏర్పడిన మైదానంలో మిగిలిన ముక్క అది. ఒగోవే నది ఒడ్డున రాళ్ల మీద పాత మనుషులు చెక్కిన బొమ్మలు వందల సంఖ్యలో ఉన్నాయి. వలయాలు, జంతువులు, పనిముట్లు. ఇనుము వాడకం ఈ నది వెంటే లోపలికి పాకిందని పురాతత్త్వవేత్తలు చెబుతారు. ప్రకృతి, మనిషి చరిత్ర రెండూ కలిసిన చోటుగా యునెస్కో 2007లో లోపేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మాండ్రిల్ కోతులను చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎర్ర ముక్కు, నీలం బుగ్గలు ఉన్న ఈ కోతులు ఇక్కడ మందలు మందలుగా తిరుగుతాయి. వెయ్యి దాటిన మందలను కూడా శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు.

ఈశాన్యాన ఇవిందో. నల్లటి నీళ్ల నది, దాని మీద కొంగూ, మింగూలీ జలపాతాలు. కొంగూ ఒకే ధార కాదు. నది ఎన్నో పాయలుగా చీలి, అడవి దీవుల మధ్య నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. ఇదే వనంలో లాంగూవే బాయ్ ఉంది. అడవి నడుమ చెట్లు లేని చిత్తడి మైదానాన్ని అక్కడ బాయ్ అంటారు. ఏనుగులు, గొరిల్లాలు, చిత్తడి జింకలు ఉప్పు కోసం, లేత గడ్డి కోసం అక్కడికి వస్తాయి. చెక్క మంచె మీద కూర్చుని గంటల తరబడి చూడవచ్చు. ఫే నడకకు ముందు బయటి లోకానికి ఇది తెలియదు.

ఈ కొంగూ జలపాతం ఒక దశలో చేజారిపోయేదే. దగ్గరలోని బెలింగా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. 2006లో ఒక చైనా సంస్థకు ఆ గనిని అప్పగించే ఒప్పందం కుదిరింది. గనికి కావలసిన కరెంటు కోసం కొంగూ దగ్గర ఆనకట్ట కట్టాలన్నారు. మార్క్ ఓనా ఎసాంగి అనే ఆయన, చిన్నప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి, ఆ ఒప్పందంలోని లొసుగులను బయటపెట్టాడు. అరెస్టయ్యాడు. 2009లో ఆయనకు పర్యావరణ రంగంలో పేరున్న గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది. ఆనకట్ట ఆగింది. 2021లో ఇవిందో కూడా ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గాబన్‌ను పొగిడే పర్యాటక పుస్తకాల్లో అధ్యక్షుల ఫొటోలు వేస్తారు. ఓనా ఎసాంగి ఫొటో వేయడం న్యాయం. బెలింగా మాత్రం ముగియలేదు. 2023లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ అక్కడ తవ్వకం మొదలుపెట్టింది.

అడవి మీద అంతగా మోజు లేనివారికి లాంబారెనే ఉంది. ఒగోవే నదిలో ఒక దీవి మీద పెరిగిన ఊరు. జర్మన్-ఫ్రెంచి సరిహద్దు ప్రాంతంలో పుట్టిన ఆల్బర్ట్ ష్వైట్జర్, మత తత్వవేత్త, ఆర్గన్ విద్వాంసుడు, ముప్పై ఏళ్లు దాటాక వైద్యం చదివి 1913లో భార్యతో ఇక్కడికి వచ్చి ఆసుపత్రి పెట్టాడు. 1952 నోబెల్ శాంతి బహుమతి ఆయనకే. 1965లో ఇక్కడే చనిపోయాడు, ఇక్కడే సమాధి. భారతీయ తత్వచింతన మీద కూడా ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆఫ్రికా వారిని తనతో సమానులుగా కాక తమ్ముళ్లుగా చూశాడన్న విమర్శ ఆయన మీద ఉంది, అది సరైన విమర్శే. అయినా ఆయన గది, పాత వార్డులు, నది ఒడ్డున ఆ సమాధి చూసి తీరాలి. పక్కనే ఉన్న పరిశోధనా కేంద్రం మలేరియా టీకా ప్రయోగాల్లో పాలుపంచుకుంది. చరిత్ర ఇక్కడ అద్దాల బీరువాలో ఆగిపోలేదు.

ఫ్రాన్స్‌విల్ వైపు పూబరా దగ్గర అడవి తీగలతో అల్లిన వంతెన, లెకోని దగ్గర ఎర్రటి ఇసుక లోయలు ఉన్నాయి. ఆ వైపే ఉన్న ఓక్లో యురేనియం గనిలో 1972లో ఒక విచిత్రం తేలింది. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట అక్కడ నేలలోనే, ఏ మనిషీ పెట్టకుండా, అణు రియాక్టర్ నడిచిందట. అయితే గని మూతపడింది, చూడటానికి ఇప్పుడు పెద్దగా ఏమీ లేదు.

ఇంత ఉంది కదా, మరి జనం ఎందుకు వెళ్లడం లేదు?

మొదటి కారణం డబ్బు. చమురు సొమ్ము మీద పెరిగిన నగరం కావడంతో లిబ్రవిల్‌లో గది అద్దె, భోజనం, టాక్సీ అన్నీ ఎక్కువే. తినే తిండిలో చాలా భాగం బయటి దేశాల నుంచే వస్తుంది. కరెన్సీ యూరోతో ముడిపడి ఉంది. హోటళ్లు కట్టింది చమురు కంపెనీల వాళ్ల కోసం. అడవి చూడటానికి వచ్చినవాడికి ఆ రేట్లు అందవు. మన వైపు నుంచి నేరుగా విమానం లేదు. అడిస్ అబాబా, ఇస్తాంబుల్, లేదా పారిస్ మీదుగా వెళ్లాలి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఆ పసుపు రంగు కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. ఎవరైనా వెళ్లేటట్లయితే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలి. మలేరియా మందులు డాక్టరును అడిగి తీసుకోవాలి. ఫ్రెంచి రాకపోతే పల్లెల్లో మాట సాగదు.

రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వానకాలంలో మట్టి దారులు బురదమయం. లోవాంగో చేరాలంటే విమానం, ఆ తర్వాత జీపు, ఆ తర్వాత పడవ. ఇంత కష్టపడి చేరాక అక్కడ విడిది కొద్ది గదులే. కొద్ది గదులకు వంటవాళ్లు, పడవలు, డీజిలు, జనరేటరు అన్నీ దూరం నుంచి తేవాలి కనుక రేటు పెరుగుతుంది. రేటు పెరిగితే జనం తగ్గుతారు, జనం తగ్గితే విమానం ఆగుతుంది. లోవాంగోలో 2000ల మొదట్లో ఆర్భాటంగా మొదలైన ఒక ప్రైవేటు ప్రయత్నం పదేళ్లయ్యేసరికి ఆగిపోయింది. తర్వాత వేరేవారు విడిదిని మళ్లీ తెరిచారు.

రెండో కారణం భయం. 1994 నుంచి 2002 దాకా ఈశాన్య గాబన్‌లో ఎబోలా పలుమార్లు తలెత్తింది. మనుషులే కాదు, మింకెబె అడవిలో గొరిల్లాలూ పెద్ద సంఖ్యలో పోయాయి. 2023 ఆగస్టు 30న, ఎన్నికల ఫలితాలు ప్రకటించిన కొద్దిసేపటికే సైన్యం అధికారం తీసుకుంది. తండ్రీ కొడుకులుగా బోంగో కుటుంబం 1967 నుంచి సాగించిన పాలన ముగిసింది. రక్తం చిందలేదు, వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు, సరిహద్దులు కొద్ది రోజులే మూసి ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగి, అధికారం తీసుకున్న జనరల్ ఒలిగి ఎంగెమానే 90 శాతానికి పైగా ఓట్లతో అధ్యక్షుడయ్యారు. అయినా తిరుగుబాటు అన్న మాట విన్న పర్యాటకుడు టికెట్ కొనడు.

ఇవన్నీ డబ్బు పెడితే, ఓపిక పడితే తీరే కష్టాలు. రోడ్డు వేయవచ్చు, విమానం నడపవచ్చు. నన్ను ఆలోచనలో పడేసేది ఇంకొకటి. అది ఏనుగు.

ఆఫ్రికా అడవి ఏనుగు అనే జాతిలో సగానికి పైగా గాబన్‌లోనే ఉన్నాయి. 2021లో వెలువడిన లెక్క ప్రకారం సుమారు 95,000. అదే ఏడాది ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. ఈ లెక్క వెనక పెద్ద నష్టం కూడా ఉంది. ఈశాన్యంలోని మింకెబె వనంలో 2004, 2014 సంవత్సరాల మధ్య సుమారు 25,000 ఏనుగులు దంతాల కోసం హతమయ్యాయి. 2012లో ప్రభుత్వం తన దగ్గరున్న దంతాల నిల్వను, సుమారు 4,800 కిలోలను, లిబ్రవిల్‌లో బహిరంగంగా తగలబెట్టింది. వేటగాళ్లకు శిక్షలు పెంచింది. ఏనుగు బతికింది. మరి అది ఏం తింటోంది?

గాబన్ పల్లె ఎలా ఉంటుందో ఊహించండి. రోడ్డు పక్కన కొన్ని పలకల ఇళ్లు. కుర్రాళ్లు పట్నం పోయారు. మిగిలింది ఎక్కువగా పెద్దవాళ్లు, ఆడవాళ్లు. వాళ్లు కత్తితో అడవి కొట్టి, కాల్చి, చిన్న ముక్కలో కూర అరటి, కర్ర పెండలం వేసుకుంటారు. అరటి గెల వేయడానికి ఏడాది దగ్గర పడుతుంది. అది గెల వేసే వేళకు ఏనుగులు వస్తాయి. ఒక్క రాత్రి చాలు. పొద్దున్న చూస్తే చెట్టు మొదలంటా తిని, తొక్కి పోయి ఉంటాయి. అక్కడ పంట బీమా లేదు, రేషన్ బియ్యం లేదు. ఆ తోటే ఏడాది తిండి. ఏనుగును చంపితే జైలు. మన కుప్పం, పలమనేరు, పార్వతీపురం రైతులకు ఈ బాధ నేను వివరించనక్కర్లేదు.

ఏనుగులు తోటల మీదకు ఎందుకు వస్తున్నాయి అన్నదానికి ఎన్నో కారణాలు చెబుతారు. వేటగాళ్లు లోపలి అడవి నుంచి తరుముతున్నారని, కలప దారులు అడవిని చీలుస్తున్నాయని, పల్లెలు పల్చబడి ఏనుగుకు భయం పోయిందని. వీటికి తోడు లోపే పరిశోధనా కేంద్రం నుంచి 2020లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను కలవరపెట్టింది. అక్కడ 1980ల నుంచి నెల నెలా అవే చెట్ల కింద నిలబడి పూత, కాయ లెక్క రాస్తున్నారు. 1986లో ఏనుగుకు పండిన పళ్లు దొరికే అవకాశం ఎంత ఉండేదో, 2018కి అది 81 శాతం తగ్గిపోయింది. రాత్రి ఉష్ణోగ్రత తగినంత పడిపోతేనే పూత పూసే చెట్లు కొన్ని ఉన్నాయి. రాత్రులు వేడెక్కుతున్నాయి, పూత రావడం లేదు. 2008 నుంచి తీసిన ఫొటోలు పోల్చి చూస్తే ఏనుగుల ఒళ్లు సగటున 11 శాతం తగ్గింది. గీత గీసి కాపాడిన వనం లోపల కూడా ఏనుగు చిక్కిపోతోంది. దానికి కారణమైన పొగ గాబన్ పల్లె పొయ్యి నుంచి వచ్చింది కాదు.

ఆ పల్లెలోని ముసలమ్మ దృష్టిలో జాతీయ వనం అంటే ఏమిటి? తాతల నాడు వేటాడిన అడవిలోకి ఇప్పుడు తనను రానివ్వరు. అక్కడి జంతువు మాత్రం తన తోటలోకి వస్తుంది. దాన్ని చూడటానికి విదేశీయులు డబ్బు కట్టి వస్తారు. ఆ డబ్బు తన ఊరు దాకా రాదు. ఆమె అడవిని ఎందుకు ప్రేమించాలి?

రువాండా ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. 2017లో అక్కడ కొండ గొరిల్లాలను చూసే పర్మిట్ ధరను 1,500 డాలర్లు చేశారు. అదే ఏడాది జాతీయ వనాల పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చే వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచారు. ఆ సొమ్ముతో బడులు, మంచినీళ్లు, దారులు. గాబన్ రువాండా కాలేదు. రువాండాలో రాజధాని నుంచి గొరిల్లాల కొండకు మంచి రోడ్డు మీద కొన్ని గంటల ప్రయాణం, కొండ మీద గొరిల్లా కంటికి కనబడుతుంది. గాబన్‌లో దూరాలు ఎక్కువ, అడవి చిక్కన, గొరిల్లా పొద వెనక ఉంటుంది. లక్షల మంది రారు, రాకూడదు కూడా. కానీ ఆ వాటా పద్ధతిని తీసుకోవడానికి రోడ్డు అక్కర్లేదు.

గాబన్ ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. పల్లెల తోటల చుట్టూ విద్యుత్ కంచెలు వేయించడం మొదలుపెట్టింది. అడవిని కాపాడినందుకు 2021లో అంతర్జాతీయ నిధి నుంచి 170 లక్షల డాలర్లు అందుకుంది. ఫలితం చూపి అలా సొమ్ము పుచ్చుకున్న మొదటి ఆఫ్రికా దేశం అదే. దుంగల ఎగుమతిని 2010లోనే ఆపి, చెక్కను దేశంలోనే కోయాలని నిబంధన పెట్టింది. లిబ్రవిల్ దగ్గరున్న న్కోక్ పారిశ్రామిక వాడలో భారతీయ సంస్థలు కూడా వెనీర్, అంటే ప్లైవుడ్‌కు వాడే పల్చని చెక్క పొర, తయారుచేస్తున్నాయి. చమురు ఉత్పత్తి మాత్రం 1997లో రోజుకు 3,70,000 పీపాల దాకా వెళ్లి, ఇప్పుడు చాలా కిందికి దిగింది. ఆ ఖాళీని పర్యాటకం పూరిస్తుందని అక్కడి నాయకులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు.

అది జరగదని నేను అనుకుంటున్నాను. పర్యాటకం చమురు స్థానాన్ని తీసుకోలేదు, ఆ భారం దాని మీద పెట్టడమే తప్పు. దాని చేత చేయించగలిగిన పని ఇంకొకటి ఉంది, చిన్నది, కానీ వేరెవరూ చేయలేనిది. వనం అంచున ఉన్న పల్లెలో పదిమందికి జీతం, ట్రాకర్‌గానో, పడవ నడిపేవాడిగానో, వంటమనిషిగానో. టికెట్ మీద ఊరికి కచ్చితమైన వాటా, రాతపూర్వకంగా, ఏటా లెక్క చెప్పి. తోట పోయిన ఇంటికి, ఫారాలు పట్టుకుని పట్నం చుట్టూ తిరిగే పని లేకుండా, మళ్లీ నాటే అదునుకు ముందే పరిహారం. ఈ మూడూ అందిన ఊళ్లు లోవాంగో, లోపే, ఇవిందోల చుట్టూ కనబడితే, గాబన్ పర్యాటకం నిలదొక్కుకుంది అని చెప్పవచ్చు. అప్పటిదాకా కొత్త హోటళ్లకు శంకుస్థాపనలు చేయడం తొందరపాటే.

మీలో ఎవరి పిల్లలైనా, బంధువులైనా ఉద్యోగరీత్యా గాబన్‌లో ఉంటే వాళ్లకు నా మనవి ఒకటి చేరవేయండి. సెలవు దొరికినప్పుడు దుబాయికో పారిస్‌కో వెళ్లే ముందు ఒకసారి లోపే వెళ్లమనండి. వెళ్లినప్పుడు ఆ ఊరి మనిషినే గైడుగా పెట్టుకుని, ఆ ఊళ్లోనే బస చేసి, అక్కడి చేతికే డబ్బు ఇమ్మనండి.